వారానికో హెచ్చరిక

ఏప్రిల్ 22

మహారచయిత గారి సముఖానికి,

వారపత్రిక సంపాదకుడు రెండు చేతులూ జోడించి రాయునది. తమరు పంపిన నవల కట్ట అందింది. ఇక్కడ నేను కులాసా. అక్కడ తమరు క్షేమంగా లేరని మొదటి ప్రకరణంలోనే పదిసార్లు రాశారు కాబట్టి ఆ సంగతి అడగను.

మర్యాదలు అయిపోయాయి. నాలుగు నెలలుగా నేను ఎదురైతే రోడ్డు దాటి అవతలి పక్కకు పోతున్న బావమరిదికి ఉన్నట్టుండి నా పత్రిక మీద ప్రేమ ఎందుకు పుట్టిందా అని కట్ట విప్పాను. ఆస్పత్రుల దుప్పట్లూ హోటళ్ళ కర్టెన్లూ ఉతికే పెద్ద లాండ్రీ. దాని వెనక ఒక పాత బాయిలర్. ఉతకడానికి వేడినీళ్ళూ, ఇస్త్రీ యంత్రాలకు ఆవిరీ అక్కణ్ణుంచే రావాలి. బాయిలర్ పాడైపోతోందని దాన్ని చూసుకునే మనిషి మొత్తుకుంటుంటాడు, యజమాని చెవిన పెట్టడు. గోడకు అవతల ఇస్త్రీ గదిలో తొమ్మిదిమంది ఆడవాళ్ళు, వాళ్ళలో ఒకావిడ ఈ మనిషికి అక్క.

లాండ్రీ పేరు మార్చావు, సంతోషం. నువ్వు పదకొండేళ్ళుగా బొగ్గు వేస్తున్న బాయిలర్ అదేనని నాకు తెలియదనుకున్నావా? ఆ అక్క ఎవరో తెలియదనుకున్నావా? నా మీద అలిగి మీ అక్క ఇల్లు విడిచి వస్తే నచ్చజెప్పి వెనక్కి పంపాల్సింది పోయి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఇస్త్రీ గదిలో పనికి పెట్టావు. సంపాదకుడి భార్య ఊళ్ళోవాళ్ళ దుప్పట్లు ఇస్త్రీ చేస్తోందని మా ప్రెస్సులో గుసగుసలు పోతుంటే వినబడనట్టు తిరుగుతున్నాను. ఇప్పుడు ఆ గదికి ముప్పు ఉందని నవల రాసి నాకే పంపావు. అది చదివి నేను హడలిపోవాలి, పరిగెత్తుకుంటూ వచ్చి ఆమెను బతిమాలి ఇంటికి తీసుకుపోవాలి. అంతే కదా నీ పథకం? నీ పాచిక నా దగ్గర పారదు.

అయినా వేస్తున్నాను. నీ మీద ప్రేమతో కాదు. మా సీరియల్ రాసే పెద్దాయన మంచాన పడ్డాడు, పన్నెండు వారాలు ఖాళీ. పైగా నీకు రాయడం రాదు గాని చూడడం వచ్చు. తెల్లని దుప్పటి మీద మసి చుక్క పడితే ఇస్త్రీ చేసేవాళ్ళు దాన్ని లోపలి మడతలోకి ఎలా దాచేస్తారో రాశావు చూడు, ఆ పేరా నేను ముట్టుకోలేదు.

మిగతాదంతా ముట్టుకున్నాను. మొదటి ప్రకరణంలోనే ప్రమాదాలన్నీ గంపగుత్తగా కుమ్మరించావు. నీటి మట్టం చూపించే గాజు గొట్టంలో నీళ్ళు కదలడం లేదన్నావు. మంట తగ్గించినా ఆవిరి ఒత్తిడి చూపించే ముల్లు దిగడం లేదన్నావు. అతుకుల దగ్గర తుప్పు నీళ్ళు కారుతున్నాయన్నావు. ఎక్కువైన ఆవిరిని బయటికి వదిలే సేఫ్టీ వాల్వ్ రోజురోజుకీ ఎక్కువసేపు ఈల వేస్తోందన్నావు. ఆ ఈలకు బట్టలివ్వడానికి వచ్చినవాళ్ళు ఉలిక్కిపడుతున్నారని యజమాని విసుక్కుంటున్నాడన్నావు. అన్నీ ఒక్కసారే చెప్పేస్తే రెండో వారం పాఠకుడు ఏం చదవాలి, నీ సంతకమా?

హెచ్చరికను ఎలా వాడాలో చెబుతాను, రాసిపెట్టుకో. మొదటిది పాత్రల్లో ఎవరూ గమనించకూడదు, పాఠకుడు ఒక్కడే గమనించాలి. రెండోదాన్ని చూసి పాత్రల్లో ఎవరో ఒకరు నవ్వాలి. మూడోసారికి ఆ నవ్విన మనిషికే నోరు పెగలకూడదు. తర్వాత కాస్త ఊపిరి పీల్చుకోనివ్వాలి, ఆ వెంటనే ఇంకా పెద్దది పెట్టాలి. వారానికి ఒకటి చాలు. రెండు పెడితే మొదటిది వృథా. ఈ లెక్కన నీ హెచ్చరికలన్నీ విడదీసి పది వారాలకు సర్దేశాను. మే మొదటి శుక్రవారం మొదలవుతుంది.

నీ వాక్యాలతో వేగలేక వేగుతున్న
సంపాదకుడు
(బావ అని రాయడానికి చెయ్యి రావడం లేదు)


జూన్ 3

బావమరిదికి,

నువ్వు బాగానే ఉన్నావని నీ ఉత్తరాలను బట్టే తెలుస్తోంది. వారంలో నాలుగు ఉత్తరాలు రాయగలిగిన మనిషికి ఏ లోటూ లేనట్టే.

ముందు నీకు ఇష్టంలేని వార్త. నీ నవల బాగా పోతోంది. సెలూన్లలో పైకి చదువుతున్నారట. ఒక హెడ్‌మిస్ట్రెస్ నాలుగో ప్రకరణంలో దీర్ఘం ఎగిరిపోయిందని రాస్తూనే, ఆ బాయిలర్ మనిషి బతుకుతాడా అని చివర అడిగింది. ఇంకొకావిడ వంటింట్లో కుక్కర్ ఈల వేస్తే హాల్లోకి పారిపోయి వస్తోందట. ఇవన్నీ నా సర్దుబాటు చలవే గాని నీ ప్రతిభ అనుకుని ఎగిరిపడకు.

ఇక నీ గోల. ఒక్క సంచికలో రెండేసి ప్రకరణాలు వేయమంటావు. కుదరదని రాస్తే అన్ని ప్రకరణాలూ ఒకేసారి ప్రత్యేక సంచికగా వేయమంటావు. నా కథ నడక కంటే బాయిలర్ నడక వేగంగా ఉందని రాశావు. వాక్యం బాగుంది. ఏడో ప్రకరణంలో వాడుకున్నాను.

గొట్టంలో నీళ్ళు నిజంగానే కదలడం లేదనీ, ముల్లు నిజంగానే ఇరుక్కుపోయిందనీ, యజమాని దాని మీద వేలితో కొట్టి ఇప్పుడు పనిచేస్తుందిలే అన్నాడనీ రాశావు. వేలితో కొట్టడం చక్కగా ఉంది. దాన్ని తొమ్మిదో వారానికి దాచాను.

అంత నిజమైతే ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరుకు రాసుకోవయ్యా అన్నాను. మూడుసార్లు రాశాననీ, వచ్చాడనీ, యజమాని గదిలో టీ తాగి పోయాడనీ జవాబిచ్చావు. ఆయన భార్య మా పత్రిక వదలకుండా చదువుతుంది కాబట్టి ఆమె ద్వారా అయినా విషయం ఆయన చెవిన పడుతుందని నీ ఆశ. ఎంత దూరపు ఆలోచన! నా పత్రిక నీకు ఫిర్యాదుల పెట్టెలా కనబడుతోందా?

నీ ఆఖరి ఉత్తరంలో ఒక ముక్క రాశావు. మధ్యాహ్నం భోజనాలప్పుడు ఇస్త్రీ గదిలో పత్రిక పైకి చదివేది మీ అక్కేననీ, నేను పెట్టిన ప్రతి కామా దగ్గరా ఆగి మరీ చదువుతోందనీ. అది నాకెందుకు రాశావో నాకు తెలుసు. ఆమె ఏ మాటన్నా అందులో తప్పు వెతుకుతాననీ, టీ బాగుందన్నా బాగుంది కాదు బాగున్నది అంటాననీ, అలాంటి మనిషితో ఉండలేననీ చెప్పి వెళ్ళిపోయింది. ఇప్పుడు నా కామాల దగ్గర ఆగుతోందట. ఆగనీ. ఆ ముక్క చదివి నా మనసు కరిగిపోయిందని అనుకుంటే పొరపాటు. మళ్ళీ ఆమె ఊసెత్తితే నీ ఉత్తరం విప్పకుండానే తిప్పి పంపుతాను.

తిరగరాసిన ప్రకరణాలు టైముకి పంపు. ఊసులు తగ్గించు.

సంపాదకుడు


జూన్ 24

బావమరిదికి,

పలకరింపులు నీకు దండగ. నేరుగా వస్తున్నాను.

మీ యజమాని మొన్న ప్రెస్సుకు వచ్చాడు. నిజం చెప్పాలంటే చాలా మర్యాదస్తుడు. చొక్కాకు ఒక్క ముడత లేదు. నవల బాగుంది, ఆ కలంపేరు వెనక ఉన్నది ఎవరండీ అని అడిగాడు. అది చెప్పడం మా వృత్తిలో ఉండదన్నాను. అవసరం లేదులెండి, గాజు మీద వేలితో కొట్టే అలవాటు నాకొక్కడికే ఉంది, అప్పుడు నా పక్కనున్నది కూడా ఒక్కడే అని నవ్వి వెళ్ళిపోయాడు. ఆ ముక్క తొమ్మిదో వారానికి ఉంచుదామనుకున్నది నేనే ఎనిమిదో వారానికి లాగాను. ఆ వారం ప్రకరణం చప్పగా వచ్చింది, వేరే దారిలేదు.

నిన్ను పక్క ఊరి బ్రాంచికి తోసేశాడట. ఇప్పుడు బాయిలర్ దగ్గర మొన్నటిదాకా డెలివరీ వ్యాను నడిపినవాణ్ణి పెట్టాడట. దీనికంతటికీ నేనే కారణమని ఎనిమిది పేజీల నిండా కారాలు మిరియాలు నూరావు. నన్ను తిట్టడంలో మాత్రం నీకు వాక్యం ఎక్కడా తడబడదు. సొంత యజమాని మీద నవల రాసేవాడు ముందే ఆలోచించుకోవాలి. దొరికిపోయాక సంపాదకుడి మీద ఒంటికాలి మీద లేస్తే లాభమేమిటి?

సరే, పదో ప్రకరణం. అసలు తగువు ఇక్కడే ఉంది.

నువ్వు ఏం రాశావో నీకే చదివి వినిపిస్తాను. వాల్వ్ ఈల వేస్తున్నంతసేపూ భయం లేదు, ఎక్కువైన ఆవిరి బయటికి పోతోందన్న మాట. లోపల మంట అలాగే మండుతూ ఉండగా ఈల టక్కున ఆగిపోయిందంటే వాల్వ్ పట్టేసిందన్న మాట, అప్పుడు చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి అందరూ బయటికి పరిగెత్తాలి. ఇదీ నీ వాక్యం. కింద గీత కూడా గీశావు.

నేను మూడు దశాబ్దాలుగా కథలు దిద్దుతున్నాను. తొమ్మిది వారాలుగా ఆ ఈలను కొంచెం కొంచెంగా పెంచుకుంటూ వచ్చాను. మొదట్లో ఎవరో దూరంగా పిలిచినట్టు, తర్వాత మాట వినబడనంత, ఆ తర్వాత చెవులు మూసుకునేంత. పదో వారం ఈల గట్టిగా మోగుతుంటే భయం లేదు, ఆగిపోతే భయపడండి అంటే పాఠకుడు నా ముఖాన ఉమ్ముతాడు. వాడు కట్టుకున్న మేడంతా నువ్వు ఒక్క వాక్యంతో కూల్చేస్తున్నావు. చప్పుడు పెరిగితే భయం పెరగాలి. చప్పుడు ఆగితే హమ్మయ్య అనుకోవాలి. ఈల వినగానే ఆడవాళ్ళంతా బయటికి పరిగెత్తి వస్తారు, అది ఆగాక లోపలికి వెళ్తారు, పదకొండో వారం ఇంకొకటి మొదలుపెడతాం. కథకు అది పద్ధతి.

కథ పద్ధతి వేరు, బాయిలర్ పద్ధతి వేరు అని రాశావు. నువ్వు లేని రోజు యజమాని సొంతంగా స్పానర్ పట్టుకుని ఆ వాల్వ్ స్ప్రింగును బిగించాడనీ, ఇక అది ఏ రోజైనా పట్టెయ్యొచ్చనీ, కొత్తగా వచ్చినవాడికి ఆ సంగతి తెలియదనీ రాశావు. ఇస్త్రీ గదిలోవాళ్ళకు పనిలో ఉండగా ఒకటి రెండుసార్లు చెప్పావట, సగం విన్నారట సగం వినలేదట, పత్రికలో అచ్చయితే మాత్రం బాగా గుర్తుంటుందట. అందుకోసమే నవల మొత్తం రాశావట.

అంటే పది వారాలు నేను చాకిరీ చేసింది ఈ ఒక్క వాక్యానికి గోడ కట్టడానికన్న మాట! చాలా బాగుంది. నేను మారుస్తున్నాను. అభ్యంతరమైతే వచ్చి పోట్లాడు.

సంపాదకుడు


జూన్ 29

బావమరిదికి,

నిన్న ప్రెస్సుకు ఫోను చేసి అందరూ వినేలా నన్ను అన్న మాటలు మళ్ళీ రాయను. పనివాళ్ళంతా తలలు వంచుకుని విన్నారు. చివర్లో గొంతు తగ్గించి, బావా, మిగతా నవలంతా చింపి పారెయ్, నా కలంపేరు కూడా తీసెయ్, ఆ ఒక్క వాక్యం మాత్రం మార్చకు అన్నావు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నన్ను బతిమాలడం నీకు అదే మొదటిసారి.

సరే. నువ్వు రాసినట్టే వేస్తాను. అక్షరం మార్చను. నవల పాడైపోయిందని పాఠకులు రాస్తే ఆ ఉత్తరాలన్నీ నీకే పంపుతాను.

ఇక నాకు రాయకు, ఫోనూ చెయ్యకు. మీ అక్క పేరు చెప్పి అసలే చెయ్యకు.

సంపాదకుడు


జులై 22

నీకు,

ఏ పిలుపుతో మొదలుపెట్టాలో తెలియలేదు. అందుకని ఏదీ పెట్టడం లేదు.

ఆస్పత్రికి నేను రెండుసార్లు వచ్చాను. నువ్వు చూసింది రెండోసారి మాత్రమే. వరండాలో అంతమంది ముందు నా కాలరు పట్టుకుని గోడకేసి కొట్టావు. నర్సు వచ్చి విడిపించకపోతే ఏమయ్యేదో. దానికి నిన్నేమీ అనను. కానీ నువ్వు అరిచిన మాటలకు జవాబు చెప్పాలి కదా, అది ఇక్కడ చెబుతున్నాను. నోటితో చెబితే మళ్ళీ కాలరు పట్టుకుంటావు.

మొదటిసారి వచ్చినప్పుడు, బయటపడ్డ ఇస్త్రీ మనిషి ఒకావిడ బెంచీ మీద కూర్చుని ఉంటే ఆ రోజు జరిగింది అడిగాను. నేనెవరో ఆమెకు తెలియదు. ఆమె చెప్పింది ఇది.

ఎనిమిదో తేదీ సోమవారం, పొద్దున పదకొండు. ఈల మొదలైంది. ఎప్పుడూ లేనంత గట్టిగా, ఎంతకీ ఆగకుండా మోగింది. మూడు రోజుల ముందు శుక్రవారం నాడే పదో ప్రకరణం చదువుకున్నారు కదా, తొమ్మిదిమందీ ఇస్త్రీలు ఆపేసి పెరట్లోకి వచ్చేశారు. ఆరేసిన దుప్పట్ల మధ్య నిలబడ్డారు. కొంతసేపటికి ఈల ఆగిపోయింది. అమ్మయ్య అనుకున్నారు. వాళ్ళలో అందరూ పెద్దమ్మ అని పిలిచే ముసలావిడ మాత్రం కదల్లేదట. ఉండండర్రా, ఆ బాయిలర్ అబ్బాయి ఇంకోలా చెప్పేవాడు, ఆగితేనే ముప్పనేవాడు అన్నదట. మీ అక్క కూడా అవును నాకూ అలాగే ఏదో గుర్తుంది అన్నదట. కాసేపు అలాగే నిలబడ్డారు. లోపల్నుంచి మేనేజరు కేకలు వేస్తున్నాడు. అప్పుడు మీ అక్క అన్నదట, మా తమ్ముడు నోటితో చెప్పేటప్పుడు కంగారు మనిషి, తిరగేసి చెప్పి ఉంటాడు, రాసేటప్పుడు మళ్ళీ కనుక్కుని సరిగ్గా రాశాడేమో, అది మా ఆయన చూసి వేసే పత్రిక, అందులో ఒక్క తప్పు పోనివ్వడు, ఆయన సంగతి నాకు తెలుసు, పదండి అని. పెద్దమ్మ చెయ్యి పట్టుకుని ముందు తనే లోపలికి నడిచిందట.

ఇంకొక్క దుప్పటి ఇస్త్రీ అయ్యేలోపే గోడ వచ్చి మీద పడింది. పెద్దమ్మా, కిటికీ పక్క యంత్రం దగ్గర పనిచేసే ఆవిడా అక్కడికక్కడే పోయారు. మీ అక్క రెండు చేతులూ మోచేతుల దాకా ఆవిరికి ఉడికిపోయాయి.

నీకివన్నీ తెలుసు. అయినా ఎందుకు రాస్తున్నానంటే, ఇందులో నా పేరు ఒక్కచోటే వచ్చింది. అది కూడా మీ అక్క నోట. మిగతా చోట్ల ఎవరున్నారో చూసుకో. స్ప్రింగు బిగించినవాడు మీ యజమాని. టీ తాగి పోయినవాడు ఇన్‌స్పెక్టరు. ఈల ఆగినా మంట ఆర్పనివాడు ఆ వ్యాను మనిషి. ఇక నువ్వు! అంత భయం ఉన్నవాడివి లాండ్రీ గేటు ముందు నిలబడి అరవాల్సింది. పని పోతే పోయేది. కథ చాటున దాక్కున్నావు. కథలో చెబితే నిన్నెవరూ ఏమీ అనరు కదా! పిరికివాడి తెలివి అది. పదో ప్రకరణం అచ్చయిన పత్రిక సోమవారం పొద్దున గాని మీ బ్రాంచికి రాలేదట, చూసిన వెంటనే లాండ్రీకి ఫోను చేస్తే మేనేజరు పెట్టేశాడట. ఇదంతా నన్ను గోడకేసి కొడుతూ చెప్పావు. నాకు జాలి కలగలేదు.

వాక్యం ఎలా తారుమారైందని అడిగావు. అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటరు పొరపాటు. అదే ప్రమాదం మీద వేసిన విచారణ సంఘానికి చెప్పాను, అదే నీకూ చెబుతున్నాను. ముసలివాడు, కళ్ళకు శుక్లాలు, సోడాబుడ్డి కళ్ళజోడు. నేను ఈ ప్రెస్సులో అడుగుపెట్టినప్పటినుంచీ ఉన్నాడు. పై వరసా కింది వరసా కలిపేసి ఉంటాడన్నాను. అతనికి చూపు ఆనడం లేదని ఊరందరికీ తెలుసు కాబట్టి అందరూ నమ్మారు. పనిలోంచి తీసేశాం. టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, నా వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

నీ చేతిరాత ప్రతి ఇమ్మని సంఘం వాళ్ళు అడిగారు. కంపోజింగ్ అయిపోయిన కాగితాలు చిత్తుకాగితాల బుట్టలోకి పోవడం మా ప్రెస్సులో మామూలేనన్నాను. మీ యజమాని తరఫు లాయరు ఆ మాట పట్టుకున్నాడు. బాయిలర్ మనిషే పనివాళ్ళకు తప్పు చెప్పాడు, అచ్చులో ఉన్న కలంపేరు అతనిదే, రెండు ప్రాణాలకూ అతనే బాధ్యుడు అని వాదిస్తున్నాడు. వచ్చే బుధవారం నిన్ను పిలుస్తారు. జైలు తప్పకపోవచ్చని మా ప్రెస్సులో అనుకుంటున్నారు. నేను చేయగలిగిందేమీ లేదు.

నవల ఆపేశాం. పదకొండు, పన్నెండు ప్రకరణాలు తిప్పి పంపుతున్నాను. మన మధ్య ఇక చుట్టరికమూ లేదు, రచయిత సంపాదకుల సంబంధమూ లేదు. మళ్ళీ నా గడప తొక్కితే పోలీసులను పిలుస్తాను.

ఇంతే సంగతులు.

సంపాదకుడు

తా.క. కవరు అంటించాక చించి మళ్ళీ తీశాను.

కంపోజిటరు అక్షరం పొల్లుపోకుండా తన ముందుకు వచ్చిందే పేర్చాడు. ఆ కాగితం మీద ఉన్నదే అది.

జూన్ 29న నీకు ఇచ్చిన మాట మనస్ఫూర్తిగానే ఇచ్చాను. నువ్వు చెప్పింది నిజమేనని ఆ ఫోనులో నీ గొంతు విన్నప్పుడే నాకు అర్థమైంది. ఆ రోజు నీ ప్రకరణం ముట్టుకోకుండా సొరుగులో పెట్టాను. జులై రెండో తేదీ మధ్యాహ్నం మీ లాండ్రీ వైపు వెళ్ళాను. ఎందుకని అడగకు. ఇస్త్రీ గది కిటికీ రోడ్డు మీదికే ఉంటుంది కదా. మీ అక్కా, ఇంకొకావిడా చెరో కొస పట్టుకుని దుప్పటి మడతపెడుతున్నారు. ఏదో అనుకుని మీ అక్క పగలబడి నవ్వింది. పద్నాలుగేళ్ళలో మా ఇంట్లో ఆ నవ్వు నేను వినలేదు. నా భార్య అలా నవ్వుతుందని కూడా నాకు తెలియదు. అక్కడ అంత హాయిగా ఉంటే ఇక ఇంటికి ఎందుకు వస్తుంది?

ఈల రోజూ మోగుతుందని నువ్వే రాశావు. ఈల మోగితే ముప్పు అని అచ్చువేస్తే ఆమె రోజూ హడలిపోతుంది. ఒక రోజు, రెండు రోజులు, వారం. ఆ తర్వాత బాయిలరూ వద్దు ఇస్త్రీ వద్దని ఇంటికి వచ్చేస్తుంది. ఆ సాయంత్రం ప్రెస్సుకు తిరిగొచ్చి నీ వాక్యం కొట్టేసి పైన నాది రాశాను. కథ పద్ధతి అప్పుడు నాకు గుర్తుకు కూడా రాలేదు. ఈల ఆగుతుందనీ, ఆగితే వాళ్ళు లోపలికి వెళ్తారనీ ఆలోచించలేదని రాద్దామని రెండుసార్లు మొదలుపెట్టాను. ఆలోచించాను. ఒక్క వారానికి ఏమవుతుందిలే అనుకున్నాను.

కాగితం బుట్టలోకి పోలేదు. నా దగ్గరే ఉంది. దీనితో పంపుతున్నాను. కింద నీ వాక్యం, దాని కింద నీ గీత, పైన నా చేతిరాత, పక్కన నా పొట్టి సంతకం, తేదీ. బుధవారం అది సంఘం ముందు పెట్టు. నేను కాదనను. ఆ ముసలాయన ఇంటికి ఈ పూటే వెళ్తున్నాను, తలుపు తీస్తాడో తియ్యడో.

కానీ అంతకంటే ముందు దాన్ని మీ అక్కకు చూపించు. పోయిన వాళ్ళిద్దరినీ తనే లోపలికి తీసుకెళ్ళి చంపేసినట్టు కట్లు మార్చే ప్రతి నర్సుకూ చెబుతోందని విన్నాను. నీ మాట నమ్మదు, ఓదార్పుకు అంటున్నావనుకుంటుంది. నా చేతిరాత గుర్తుపడుతుంది. కాగితం తను పట్టుకోలేదు. నువ్వే కళ్ళ ముందు పట్టుకుని, పై వాక్యం మొత్తం చదివేదాకా ఉండు. వాళ్ళను లోపలికి పిలిచింది తను కాదు, నేనని చెప్పు.